దానవస్తువునకు వెల

వినాయక నవరాత్రులు ముగియు దినమున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో వీథివీథిని ఒకే వేడుక కనబడును. విగ్రహమును నిమజ్జనమునకు కదలించుటకు ముందు స్వామి చేతనున్న లడ్డును వేలము వేయుదురు. ఆ లడ్డు చాలచోట్ల ఎవరో భక్తుడు సమర్పించినదే. మండపమువారు దానికై కానియైన వెచ్చించి యుండరు. అయినను పాట మొదలైనంతనే వెల వందలు దాటి వేలకు ప్రాకును. ఈ వేలములన్నిటిలో పేరుపడినది హైదరాబాదు చెంతనున్న బాలాపురము లడ్డు. 1994లో దాని మొదటి వేలము 450 రూపాయలకు ముగిసినది. 21 కిలోల లడ్డు 2024లో 30 లక్షల 1 వేయి రూపాయలు పలికినది. 2025లో 35 లక్షలు పలికినది. అందలి సెనగపిండి ఎంత, చక్కెర ఎంత, నేయి ఎంత అని లెక్క అడిగినవారు లేరు. వచ్చిన పైకము గ్రామాభివృద్ధికి పోవునని అందరును ఎరుగుదురు. పాడినవాడు సంతోషించును; ఓడినవాడు మరుసటి యేడు చూతమనును.

అదే పట్టణమున ఏదేని సేవాసంఘమువారు ఇంటింట పాతబట్టలు సేకరించి, ఉతికించి, ఒక గదిలో పేర్చి, చీర ఒక్కింటికి 100 రూపాయలని చీటి అంటించినచో వినబడు మాట వేరు. "ఇదేమి అమ్మా, మీకు ఊరకే వచ్చినది గదా! ఇంత వెల ఏల?" అని మొదట వచ్చిన స్త్రీయే అడుగును. "చీర ఊరకే వచ్చినది, అక్కా, బండి ఊరకే రాలేదు" అని అచట కూర్చున్నామె బదులు చెప్పవచ్చును. ఇద్దరి మాటయందును సత్యమున్నది. లడ్డునకు లక్షలైనను అధికము కాని వెల, పాతచీరకు నూరు రూపాయలైనను అధికమని తోచుటకు కారణమేమి? దానముగా వచ్చిన వస్తువును అమ్మవచ్చునా? అమ్మినచో ఎంతకు అమ్మవలెను?

ఈ ప్రశ్న పాశ్చాత్యదేశములలో మిక్కిలి పరిచితమైనది. ఏలయన, దానముగా వచ్చిన పాతవస్తువులను అమ్మి, ఆ పైకముతో ధర్మకార్యములు నడపు దుకాణములు అచట నూరేండ్లకు పైబడి ఉన్నవి. 1902లో అమెరికాలోని బోస్టను నగరమున ఎడ్గర్ హెల్మ్స్ అను క్రైస్తవ బోధకుడు సంపన్నుల ఇండ్లనుండి పాత దుస్తులు, కుర్చీలు, గృహోపకరణములు సేకరించి, వానిని బాగుచేయుటకు పనిలేని పేదలను, వలసవచ్చినవారిని నియమించెను. బాగుపడిన వస్తువులను అమ్మి వారికి కూలి యిచ్చెను. గుడ్‌విల్ అను సంస్థ ఇట్లు పుట్టినది. అచట వస్తువు దానముగా వచ్చినది నిజమే. కాని దానిపై పెట్టిన వెల ఒక దర్జీ కూలి, ఒక వడ్రంగి కూలి. వెల తగ్గినచో కూలి తగ్గును.

ఇంగ్లండులో కథ వేరు విధముగా నడచినది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు గ్రీసుదేశమును ఆక్రమించిరి. బ్రిటను ఓడలు ఆ దేశమునకు సరకు చేరనీయకుండ దిగ్బంధము చేసినవి. నడుమ చిక్కిన ప్రజలు ఆకలితో మలమల మాడిరి. వారికి ఆహారము పంపుటకై 1942లో ఆక్స్‌ఫర్డు పట్టణమున కొందరు పెద్దలు ఒక సంఘముగా ఏర్పడిరి. అదే నేటి ఆక్స్‌ఫాము. యుద్ధానంతరము జనులు తెచ్చియిచ్చిన బట్టలు, సామానులు ఇబ్బడిముబ్బడి కాగా, 1947-48 ప్రాంతమున బ్రాడ్ వీథిలో ఒక శాశ్వత దుకాణము తెరచిరి. అచటి వెలకు ఉద్దేశము కూలి కాదు. దూరదేశమందలి ఆకలికి గంజి. కనుక ఎంత యెక్కువకు అమ్మిన అంత మేలు అను భావము ఆ దుకాణపు పుట్టుకలోనే ఉన్నది.

ఇట్టి దుకాణములు బ్రిటనులో వేలకొలదిగా పెరిగినవి. పెరిగిన కొలది గొణుగుడును పెరిగినది. ఒకప్పుడు స్వల్ప ధరకు దొరికిన కోటునకు నేడు క్రొత్తకోటు వెలలో సగము అడుగుచున్నారని కొనువారు వాపోవుదురు. దుకాణమువారు అద్దె, విద్యుత్తు, జీతములు చూపుదురు. ప్రభుత్వము స్థానిక పన్నులో నూటికి 80 వంతులు వీరికి తగ్గించుచున్నది; అమ్ముపనిలో పెక్కుమంది జీతము లేకయే పనిచేయుదురు. ఇన్ని సౌకర్యములుండగా అంత వెల ఏల యని ప్రక్క దుకాణపు వర్తకుడును కినుక వహించును. వారి వాదములో ఒక చిక్కు కలదు. ధర్మపు దుకాణము వెల తగ్గించినచో తన బేరము పోవునని వర్తకుడు ఏడ్చును; వెల పెంచినచో పేదవానికి అందలేదని కొనువాడు ఏడ్చును. ఇద్దరిని ఒక్కసారి మెప్పించు వెల యేదియు లేదు.

జనగామ ప్రాంతమున పాతబట్టకు చిరకాలముగా వేరొక మార్గము ఉన్నది. స్టీలు సామానుల బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చు స్త్రీ వాకిట దిగును. ఇంటి ఇల్లాలు రెండు పాతచీరలు, ఒక ప్యాంటు తెచ్చి ముందు వేయును. ఆమె జరీ అంచును వ్రేళ్లతో నలిపి, చిరుగు ఎక్కడనో వెదకి, ఒక చిన్న గిన్నె చూపును. ఇల్లాలు పెద్ద గిన్నె అడుగును. ఇంకొక చొక్కా తెమ్మని ఆమె పట్టుపట్టును. అర్ధగంట బేరము సాగిన పిమ్మట ఒక డబ్బా చేతులు మారును. ఈ బేరములో ఎవ్వరును దాతలు కారు, ఎవ్వరును యాచకులు కారు. చింపిరి యని మూలబడిన చీరకు కూడ విలువ కలదని ఇల్లాలికి అప్పుడు తెలియును. విచిత్రమేమనగా, అరవీసెడు స్టీలుకై అంత గట్టిగా బేరమాడిన ఆ చేయియే, వరద వచ్చినదని విన్నప్పుడు అట్టివే నాలుగు చీరలు లెక్క చూడక మూటగట్టి ఇచ్చును.

జనగామకు సమీపమున పెంబర్తి గ్రామము కలదు. ఇత్తడి, కంచు రేకులపై నగిషీ చెక్కుటలో ఆ ఊరి విశ్వకర్మలు కాకతీయుల కాలమునుండి ప్రసిద్ధులు. దేవాలయ ద్వారములకు, వాహనములకు వారు చేసిన తొడుగులు దూరప్రాంతములకు పోయినవి. అట్టి చేతిపని గల పాతపళ్లెము ఒకటి ఇంటిలో నలుపెక్కి పడియున్నదనుకొనవచ్చును. దానిని పాతసామాను కొనువాడు త్రాసున వేసి ఇత్తడి బరువునకు వెల కట్టును. నగిషీకి ఒక్క రూపాయియు కలుపడు. ధర్మపు దుకాణమునకు అది దానముగా వచ్చి, వారును బరువునకే అమ్మినచో, మరునాడే ఒక వర్తకుడు దానిని నగరమునకు గొనిపోయి పదిరెట్ల వెలకు అమ్ముకొనును. లాభము పేదకును పోదు, ధర్మమునకును పోదు. దాత ఉద్దేశము నడివీథిలో దోపిడి పోయినట్లే. కావున అగ్గువకు అమ్ముటయే ధర్మమను మాట అన్నివేళల చెల్లదు.

అయినచో దానవస్తువును నిండువెలకు, అంతకు మించిన వెలకు అమ్మి, ఎవ్వరిచేతను తప్పనిపించుకొనక నడచిన ఉదాహరణము ఈ ప్రాంతముననే లేకపోలేదు. అది మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్లునందు కలదు.

దోర్నకల్లు రైల్వే కూడలి. నైజాము ఏలుబడిలోనున్న ఆ చిన్న ఊరికి 1909లో వేదనాయగము శామ్యూలు అజరయ్య వచ్చెను. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. ఇచటికి వచ్చి తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయుడయ్యెను. 1945 జనవరి 1న మరణించువరకు దోర్నకల్లే ఆయన స్థానము. ఆయన సంఘములో చేరినవారు చాలవరకు దళిత కులముల వ్యవసాయ కూలీలు. వారి చేతికి నాణెము వచ్చుట అరుదు. కూలి ధాన్యముగా ముట్టెడిది. అట్టివారినుండి చందా అడుగుట ఎట్లు? విదేశములనుండి వచ్చు పైకముతో సంఘమును నడపుట సులభము. కాని అజరయ్య దానికి ఒప్పుకొనలేదు. పేదవాడును ఇచ్చువాడే కావలెనని ఆయన పట్టుదల. వంట చేయునపుడు స్త్రీలు ఎసటిలో పోయు బియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట, వారాంతమున ఆ బియ్యమును గుడికి తెచ్చుట అలవాటు చేయించెను.

ఇట్టి ఆచారములలో చూడదగినది కోతల పండుగ. దోర్నకల్లులోనే గాక తెలుగు క్రైస్తవ సంఘములలో పెక్కింటియందు అది నేటికిని నడచుచున్నది. పంట ఇంటికి వచ్చిన తరువాత ఒక ఆదివారమున జనులు తమకు కలిగినది తెత్తురు. ఒకడు వడ్లబస్తా, ఒకడు గుమ్మడికాయ, ఒక అవ్వ కోడిపెట్ట, ఒక బాలుడు రెండు గ్రుడ్లు. ఆరాధన ముగిసిన వెనుక గుడి ఆవరణలో వానిని వేలము వేయుదురు. గుమ్మడికాయ అంగడిలోని వెలకు రెండింతలు, మూడింతలు పలుకును. కొన్ని చోట్ల పాడుకొన్నవాడు ఆ వస్తువును మరల అచటనే ఇచ్చివేయును. దానిని తిరిగి వేలము వేయుదురు. ఒకే కోడి రెండు మూడు పర్యాయములు అమ్ముడుపోయి, చివరకు ఎవరి చంకనో ఇల్లు చేరును. ఇంత వెలపెట్టి కోడిని కొనుట నష్టమని అచట ఎవ్వరికిని తోచదు. ఏలయన అచట కొనువాడు కోడికై రాలేదు, ఇచ్చుటకై వచ్చినాడు. కోడి ఒక నెపము.

గాంధీమహాత్ముడును ఈ సూక్ష్మమును బాగుగా ఎరిగినవాడు. 1933-34లో అస్పృశ్యతా నివారణకై దేశమంతయు పర్యటించినప్పుడు తనకు సమర్పించిన సన్మానపత్రములను, వెండిపెట్టెలను, నగలను సభలోనే వేలము వేసి హరిజననిధికి చేర్చెడివాడు. ఆ యాత్రలో ఆయన ఆంధ్రదేశమును కూడ సందర్శించెను. ఒక చిన్న పెట్టెను వెండి విలువకు మించి పాడించుటలో ఆయన వర్తకులను మించినవాడు. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు భక్తులు సమర్పించిన చీరలను దేవస్థానమువారు వెలకు ఇత్తురు. తిరుమల హుండీలో పడిన గడియారములు, చేతి ఫోనులు, భక్తుల తలనీలాలు కూడ వేలమునకే పోవును. అమ్మవారి చీరను కొను ఇల్లాలు నేతను, రంగును చూచి వెల కట్టదు. అది అమ్మవారిని తాకివచ్చినదని కొనును. తలనీలాల వేలములో పాల్గొను వర్తకుడు మాత్రము భక్తి చూడడు, పొడవు చూచును. అచట దేవస్థానము ఒక్క రూపాయి తగ్గించినను అది వర్తకుని లాభమున చేరును గాని పేదవానికి చేరదు.

లడ్డు, కోడి, వెండిపెట్టె, అమ్మవారి చీర అన్నియు ఒక కోవకు చెందినవి. కొనువానికి ఆ వస్తువు లేకున్నను జరుగును. వద్దనుకొన్నచో వేలమున నోరు విప్పడు. అతడు కొనుట మరొక రూపమున దానమే. అట్టివాని యెదుట వెల ఎంత హెచ్చినను అన్యాయమన్నది పుట్టదు. పాతబట్టల గదిలోనికి వచ్చిన స్త్రీ అట్టిది కాదు. పిల్లవానికి బడి తెరచునాటికి చొక్కా కావలెను. వద్దనుకొనుటకు ఆమెకు వీలులేదు. ఆమెనుండి ఎక్కువ వెల రాబట్టి, ఆ పైకముతో మరొక పేదకు మేలు చేసితిమని చెప్పుకొనుట ఒక పేదనుండి చందా వసూలు చేసి ఇంకొక పేదకు పంచుటయే. చందా ఇత్తువా యని ఆమెను అడిగినవారు లేరు. దుకాణములపై వచ్చు ఫిర్యాదులలో న్యాయమైన భాగము ఇదియే. మిగిలినది చాలవరకు, ఊరకే వచ్చినది ఊరకే పోవలెనను తొందరపాటు.

తొందరపాటనుటకు లెక్కయే ఆధారము. ఒక ఊహాలెక్క చూడవచ్చును. హైదరాబాదున సేకరించిన 300 బట్టలను భూపాలపల్లికి చేర్చవలెను. జనగామకును మహబూబాబాదునకును రైలు కలదు, భూపాలపల్లికి లేదు. వరంగల్లు మీదుగా లారీలోనో వ్యానులోనో పోవలెను. అందుకు పంచుకొన్న బాడుగ 1,600 రూపాయలు అనుకొన్నచో, మూటలు విప్పినంతనే 100 బట్టలు చినిగినవో, మరకలు పడినవో, గుండీలు ఊడినవో అయి ప్రక్కకు పోవును. మిగిలిన 200 బట్టలను ఉతికి, కుట్లు వేసి, ఇస్త్రీ చేయించుటకు ఒక్కింటికి 10 రూపాయల చొప్పున 2,000. గదికి నెల అద్దె, దీపముల ఖర్చు 2,400. మొత్తము 6,000. అనగా కూర్చున్నవారికి జీతమే లేకున్నను, ఒక్కొక్క బట్టపై 30 రూపాయలు పడినవి. ఆ ముప్పదికి అమ్మినచో దుకాణము నిలుచును గాని ధర్మమునకు ఏమియు మిగులదు. నూటికి అమ్మినచో 14,000 మిగులును. ఇక నూటయేబదికి పెంచినచో, మరి కొంత వేసి వారపు అంగడిలో క్రొత్త పాలిస్టరు చీరయే కొనవచ్చునని కొనువారు వెనుదిరుగుదురు. సూరతునుండి వచ్చు చౌక చీరలు పాతబట్ట వెలకు ఒక కప్పు వేసినవి. వాదమంతయు ఆ ముప్పదికిని ఆ నూటికిని నడుమ తిరుగుచున్నది.

ఆ నడుమ ఎచట నిలువవలెనో తేల్చుట భూపాలపల్లిలో మరింత కష్టము. ఆ పట్టణమున సింగరేణి బొగ్గుగనులు ఉన్నవి. సమీపమున చెల్పూరు వద్ద విద్యుత్కేంద్రము ఉన్నది. నెలజీతము తెచ్చు కుటుంబములు అచట పెక్కు. అదే జిల్లాలో మహాముత్తారము, పలిమెల అడవులలోని గూడెములనుండి పట్టణమునకు వచ్చువారును ఉన్నారు. గని కార్మికుని ఇల్లాలికి నూరు రూపాయలు ఒక వేడుక. గూడెమునుండి వచ్చినామెకు అది పూర్తి దినపు లెక్క. ఒకే చీటి ఇద్దరిని చూచుచున్నది. తక్కువ వెల పెట్టినచో ముందుగా వచ్చి మంచివి ఏరుకొనువారు పట్టణమున ఉన్నవారే. బస్సు దిగి వచ్చునప్పటికి ఆమెకు మిగిలినవే మిగులును. వెల తగ్గించినంతమాత్రమున వస్తువు పేదకు చేరునన్న నమ్మకము ఇచట మరొకసారి తప్పును.

వెల పెట్టుటయే మాని, అన్నిటిని ఊరకే పంచినచో? వెల యను మాట ఎత్తరాని సమయములు కలవు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచినప్పుడు జనులు ఇండ్లపైకప్పు లెక్కి ప్రాణములు దక్కించుకొనిరి; కొందరిని హెలికాప్టరులలో తీసికొనిపోయిరి. 2024 సెప్టెంబరు మొదట మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము ప్రాంతమున రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. మరిపెడ మండలమున ఆకేరు ఒడ్డునగల సీతారాము తండా నీట మునిగినది. కట్టుబట్టతో మిగిలినవారికి చీర ఇచ్చి చేయిచాపుట ఎవ్వరికిని చేతులాడని పని. అట్టివేళ కావలసినది వెంటనే అందించుట, అంతే.

కాని ఊరకే ఇచ్చుటలో ఒక లోపమున్నది. అది వరద తీసిన తరువాత బయటపడును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత దేశమంతటినుండి తమిళనాడు తీరమునకు పాతబట్టలు పోయినవి. వానిలో అచటివారు కట్టనివి, చినిగినవి, వారి వాడుకకు పనికిరానివి అనేకము. రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడి వర్షమునకు తడిసి కుళ్లినవి. సముద్రము సర్వస్వము తీసికొన్నను, ఒకరు పారవేసినదానిని కట్టుకొనుటకు జాలరులు ఇష్టపడలేదు. మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడవవంతునకు మించి గిరిజనులు. వారిలో లంబాడీలు ఎక్కువ. అద్దములు, గవ్వలు కుట్టిన దుస్తులే ధరించు వృద్ధస్త్రీలు కొన్ని తండాలలో నేటికిని కలరు. నగరపు పంజాబీ దుస్తుల మూటను అట్టి అవ్వ చేతిలో పెట్టినచో ఆమె వద్దనలేదు, కట్టుకొననులేదు. ఊరకే వచ్చినదానిని వద్దనుట మర్యాద కాదని ఆమె ఎరుగును. అదే పది రూపాయలు చెల్లించుచున్నచో, "ఈ రంగు వద్దు, ఆ అంచుది చూపు" అని అడుగును. స్టీలు గిన్నెకు బేరమాడు ఇల్లాలి గొంతు అప్పుడు ఆమెకును వచ్చును. చిన్నవెల చేయు పెద్దమేలు ఇది. దుకాణపు లెక్కలలో ఇది కనబడదు.

ఇచ్చుటకును అమ్ముటకును నడుమ మూడవ మార్గము ఒకటి గూంజ్ అను సంస్థ చూపినది. 1999లో అంశు గుప్త ఢిల్లీలో దీనిని స్థాపించెను. తన ఇంటిలోని 67 దుస్తులతో పని మొదలుపెట్టెనని ప్రసిద్ధి. 2015లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. నగరములలో సేకరించిన బట్టలను ఈ సంస్థవారు ఏరి, ఉతికి, ఆ ప్రాంతమున కట్టువానిని చూచి కుటుంబమునకు తగిన మూటలుగా కట్టుదురు. గ్రామస్థులు కూడి తమ ఊరికి కావలసిన పని యేదో తామే నిర్ణయింతురు. బావి త్రవ్వుట, చెరువు పూడిక తీయుట, వెదురు వంతెన కట్టుట, దారి బాగుచేయుట వంటివి. పని ముగిసిన పిమ్మట మూటలు ఇత్తురు. ఇచట వెల రూపాయలలో లేదు, చెమటలో ఉన్నది. దీనికిని ఆక్షేపణ రాకపోదు. రోజంతయు మట్టి మోయించి పాతచీర ఇచ్చుట ఎట్టి కూలి యని అడుగవచ్చును. ఆ పనిని పైవారు నిర్ణయించియుండినచో ఆక్షేపణ నిలుచును. త్రవ్వినవారి బావిలో నీరు త్రాగువారు వారే కావుటచేత అది కొంత వీగిపోవును, పూర్తిగా పోదు.

విద్యార్థులకు ఈ విషయము ఒకవిధముగా పరిచితమే. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇచ్చు పాఠ్యపుస్తకములపై ఉచిత పంపిణీకి అని ముద్రించియుండును. దానిని ఎవ్వరును అమ్మరాదు. ఒక్క రూపాయికైనను రాదు. పైతరగతికి పోయిన బాలుడు తన ఇతర పుస్తకములను క్రిందితరగతివానికి సగము వెలకు ఇచ్చుట మాత్రము ఊళ్లలో పాత వాడుక. అది దానమును కాదు, వర్తకమును కాదు. అట్టల చిరుగు, అంచుల మడత చూచి ఇద్దరును కలిసి వెల తేల్చుకొందురు. హైదరాబాదున ఆబిడ్సు వద్ద ఆదివారము కాలిబాటపై పరచు పాతపుస్తకముల బజారు ఈ బేరమునకే పెద్దరూపము.

ఇక ధర్మపు దుకాణము నడపదలచినవారికి మార్గము మూసుకొనిపోలేదు. పెంబర్తి పళ్లెము, పట్టుచీర, మంచి గడియారము వంటివి వచ్చినప్పుడు వానిని వేరుచేసి, దోర్నకల్లు కోడివలె, గాంధీ వెండిపెట్టెవలె, ఇయ్యగలవారి యెదుట పాటకు పెట్టవచ్చును. ఆ పైకముతో గది అద్దెయు బాడుగయు తీరిపోయినచో, రోజువారీ చొక్కా, లంగా, దుప్పటి ముప్పది రూపాయలకును ఇయ్యవచ్చును, పదికిని ఇయ్యవచ్చును. వాకిట ఒక పలక వ్రేలాడగట్టి, నెలలో వచ్చినదెంత, బాడుగకు పోయినదెంత, ఏ పనికి ఇచ్చినదెంత అని సుద్దతో వ్రాసినచో సగము తగవు అచటనే ఆగును. గూడెములనుండి జనులు వచ్చు అంగడిరోజున మంచి బట్టలలో కొన్నిటిని బస్సులు చేరువరకు బయట పెట్టక ఆపియుంచుట మరొక పద్ధతి. ఇవి ఖర్చులేని పనులు.

చివరకు ఎవ్వరును కొననివి ఎట్లును మిగులును. బ్రిటను దుకాణములలో మిగిలినవి బరువు లెక్కన వర్తకులకు పోవును. కొన్ని ఘానాదేశపు అక్రా నగరమందలి కాంటమాంటో బజారునకు చేరును. వానిని అచటివారు తమ భాషలో చనిపోయిన తెల్లవాని బట్టలందురు. అంత మంచి గుడ్డను బ్రతికియున్నవాడెవ్వడును వదలడని మొదట వారు తలచిరట! అచటి చిల్లర వర్తకురాలు మూట విప్పి చూడకుండనే అప్పుచేసి కొనును. లోపల చింపిరులున్నచో నష్టము ఆమెదే. ఉన్నికోట్లలో కొన్ని హర్యానాలోని పానిపట్టునకు వచ్చును. ధరించుటకు వీలులేకుండ వానిని ముందుగానే కోసివేసి దిగుమతి చేయుదురు. అచట గుండీలు, పట్టీలు ఊడదీసి, రంగుల వారిగా ఏరి, యంత్రములతో చీల్చి, దూదివలె చేసి, మరల నూలు వడకి దుప్పట్లు నేయుదురు. పాలిస్టరు దుప్పట్ల పోటీచే ఈ పని కొంత తగ్గినను ఆగిపోలేదు. అగ్గువగా దొరకుటచేత ఆ దుప్పట్లను భూకంపములు, వరదలు, చలిగాడ్పులు వచ్చినప్పుడు సహాయసంస్థలు బేళ్లుగా కొనును. లండనులో ఒకరు దానమిచ్చిన కోటు అంతవరకు దుకాణమునందు ఒకసారి, తుక్కు వర్తకునియొద్ద ఒకసారి, పానిపట్టు మిల్లులో ఒకసారి, సహాయసంస్థ చేతికి వచ్చునప్పుడు ఒకసారి వెల కట్టించుకొనియుండును. పుష్యమాసపు చలిలో కప్పుకొనువానికి చేరునప్పటికి మాత్రము దానిపై చీటి ఉండదు.